నాన్నకి జపాన్ రైళ్లు చూపించడానికి లోన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: మాది రాజమండ్రి, ఉద్యోగాలు హైదరాబాద్‌లో. నాన్న లోకో పైలట్‌గా చేసి రిటైరయ్యారు, వయసు 66. మంచులో నడిచే జపాన్ రైళ్లు చూడాలని ఆయనకి ఎప్పటినుంచో కోరిక. వచ్చే జనవరి చివర్లో నేను, నా భార్య, అమ్మ, నాన్న వెళ్దామనుకుంటున్నాం. టోక్యో, క్యోటో, సప్పోరోలతో 12 రోజుల ప్యాకేజీకి మనిషికి 2 లక్షల 60 వేలు అంటున్నారు. చేతిలో 3.5 లక్షలు ఉన్నాయి, నెలకి 30 వేలు మిగులుతున్నాయి, 20 వేల సిప్ విడిగా నడుస్తోంది. 4 లక్షల ఎఫ్‌డీ అత్యవసరాల కోసం ఉంచాం. బ్యాంకు వాళ్లు 13 శాతానికి 6 లక్షల పర్సనల్ లోన్ ఇస్తామంటున్నారు, మిగతాది ఎఫ్‌డీలోంచి తీద్దామని ఆలోచన. నాన్న తన డబ్బులు ఇస్తానంటున్నారు కానీ తీసుకోవడం నాకు ఇష్టం లేదు. అమ్మ పూర్తి శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. ఏం చేయమంటారు?

జవాబు: నమస్తే అండి. వెళ్లండి, ఈ జనవరిలోనే వెళ్లండి. కానీ లోన్ వద్దు, ఎఫ్‌డీ ముట్టుకోవద్దు, సిప్ ఆపొద్దు. ఇవన్నీ ఎలా కుదురుతాయంటారా, కుదురుతాయి, ప్యాకేజీ పక్కన పెట్టి రూటు మారిస్తే చాలు.

ముందు లోన్ సంగతి. 6 లక్షలు 13 శాతానికి 3 ఏళ్లంటే ఈఎంఐ సుమారు 20,200, మొత్తం వడ్డీ దగ్గర దగ్గర 1 లక్షా 28 వేలు. ఆ వడ్డీ డబ్బుతో మీ అమ్మానాన్నల విమానం టికెట్లు వచ్చేస్తాయి. పైగా తిరిగొచ్చాక మూడేళ్ల పాటు ప్రతి నెలా ఆ ఈఎంఐ కడుతుంటే ట్రిప్ గుర్తొచ్చినప్పుడల్లా టెన్షన్ కూడా గుర్తొస్తుంది, అది మీ నాన్నగారు గమనించకుండా ఉండరు. ఎఫ్‌డీ అయితే అసలు ఆలోచించొద్దు, ఇంట్లో పెద్దవాళ్లు ఇద్దరున్నప్పుడు ఆ 4 లక్షలు ట్రిప్ కోసం కాదు.

ఇప్పుడు ఖర్చు ఎక్కడ పెరుగుతోందో చూద్దాం. సప్పోరో దగ్గర. సప్పోరో ఉన్న ఉత్తరాది దీవి హొక్కైదో వైపు షింకన్‌సెన్, అంటే బుల్లెట్ రైలు, 2016లో షిన్-హకోదాతె-హొకుతో దాకా వచ్చి అక్కడ ఆగింది, టోక్యో నుంచి అక్కడికే నాలుగు గంటలు, ఆపైన మామూలు ఎక్స్‌ప్రెస్‌లో ఇంకో మూడున్నర గంటలు. ఫిబ్రవరి మొదట్లో జరిగే మంచు పండుగ దగ్గర పడే కొద్దీ హోటల్ రేట్లు బాగా పెరుగుతాయి. అంత దూరం తిరుగుతున్నాం కదా అని అందరూ దేశమంతా తిరిగే జేఆర్ (జపాన్ రైల్వేస్) పాస్ కొంటారు, కానీ ఏడు రోజుల పాస్ 2023 అక్టోబర్‌లో 29,650 యెన్‌ల నుంచి ఒకేసారి 50,000 చేశారు. టోక్యో-క్యోటో ఒకవైపు టికెట్ 14 వేల యెన్‌ల చుట్టుపక్కలే ఉంటుంది, అంటే వెళ్లొచ్చినా 28 వేలు, ఆ పాస్ కొన్నవాళ్లలో చాలామందికి డబ్బు తిరిగి రావట్లేదు. జేఆర్ పాస్ తప్పనిసరి అని చెప్పే పాత వీడియోలు చూసి నిర్ణయం తీసుకోవద్దు.

దానికి బదులు నేను చెప్పే రూటు ఇది: టోక్యోలో దిగి 3 రాత్రులు, నాగానోలో 2, కనజావాలో 2, క్యోటోలో 2, అక్కడి నుంచి ఒసాకా కాన్సాయ్ విమానాశ్రయంలో తిరుగు విమానం. వెనక్కి టోక్యో రానక్కర్లేదు. దీనికి హొకురికు ఆర్చ్ పాస్ అని ఉంది, వరుసగా ఏడు రోజులు చెల్లుతుంది, 2024 మార్చిలో ధర 30,000 యెన్‌లు చేశారు, కొనేముందు ఆ రోజు రేటు చూసుకోండి. టోక్యో వదిలే నాలుగో రోజు పాస్ మొదలుపెడితే పదో రోజు విమానాశ్రయానికి వెళ్లే హరుకా రైలు దాకా అందులోనే వస్తుంది. మంచు కోసం సప్పోరో వెళ్లనక్కర్లేదు, నాగానో పక్కన యుదనకా వైపు జనవరి చివర్లో మోకాలి లోతు మంచు మామూలు విషయం.

మీ నాన్నగారి కోసం ఈ రూటే మంచిదని గట్టిగా చెప్తున్నాను. టోక్యో దగ్గర ఓమియాలో రైల్వే మ్యూజియం ఉంది, 1964లో షింకన్‌సెన్ మొదలైనప్పటి 0 సిరీస్ బండి అక్కడ చూడొచ్చు, డ్రైవింగ్ సిమ్యులేటర్లు ఉంటాయి. 1998 వింటర్ ఒలింపిక్స్ కోసం 1997లో నాగానో దాకా వేసిన లైను 2015లో కనజావాకి, 2024 మార్చిలో త్సురుగాకి పొడిగించారు, మీరు వెళ్లేది ఆ లైను మొత్తం మీదే. నాగానో నుంచి యుదనకాకి ప్రైవేటు లైను, పాస్ చెల్లదు, టికెట్ కొనుక్కోవాలి. అందులో యుకెమురి అనే రైలుకి డ్రైవర్ క్యాబిన్ పైన ఉంటుంది, అందుకని ప్రయాణికులు బండి ముందు అద్దం దగ్గరే కూర్చుని పట్టాలు చూడొచ్చు. ఇన్నేళ్లు గోదావరి బ్రిడ్జి మీద బళ్లు నడిపిన మనిషికి ఆ సీటు ఎంత విలువో మీకు నేను చెప్పాలా! ఆ రైలు ఏ రోజుల్లో నడుస్తుందో చూసుకుని నాగానో తేదీలు పెట్టుకోండి. చివర్లో క్యోటో రైల్వే మ్యూజియంలో ఉమెకోజి పాత లోకో షెడ్, 1914లో కట్టింది, ఆవిరి ఇంజన్లు టర్న్‌టేబుల్ (ఇంజన్‌ని తిప్పే గుండ్రటి వేదిక) చుట్టూ నిలబడి ఉంటాయి. అక్కడ సగం రోజు కేటాయించండి, గుళ్లు ఒకటి తగ్గినా పర్వాలేదు.

అమ్మగారి భోజనం మీద చాలామంది అనవసరంగా ఖర్చు పెడతారు, రోజూ ఇండియన్ రెస్టారెంట్ వెతుక్కుంటూ. అసలు చిక్కు మాంసం కాదండి, దాషి. ఎండబెట్టి పొగపెట్టిన చేప తురుముతో చేసే ఆ చారు ఉదోన్, సోబా, మిసో సూప్ అన్నిటిలో ఉంటుంది, కూరగాయలే కనిపిస్తున్నాయి కదా అని నమ్మకూడదు. అందుకే నాగానోలో ఒక రాత్రి హోటల్ కాకుండా జెన్‌కోజి గుడి చుట్టూ ఉన్న షుకుబో, అంటే గుడి వసతి గృహం, తీసుకోండి. అక్కడ షోజిన్ ర్యోరి పెడతారు, బౌద్ధ భిక్షువుల శాకాహార భోజనం, అయినా బుక్ చేసేటప్పుడే చేప, గుడ్డు, దాషి ఏదీ వద్దని రాసి పెట్టండి. రాత్రి, పొద్దున భోజనాలతో మనిషికి 15,000 యెన్‌లు వేసుకోండి. తెల్లవారుజామున గుళ్లో ప్రార్థన చూడొచ్చు, అమ్మగారికి నచ్చుతుంది. నాగానోలో ఓయాకి అని కూర ముద్ద పెట్టిన రొట్టెలు దొరుకుతాయి, గుమ్మడికాయవీ ఎర్ర అలసందల లాంటి తీపి పప్పువీ అడిగి తీసుకోండి. మిగతా రోజులకి ఇంటి నుంచి కందిపొడి, కరివేపాకు పొడి పట్టుకెళ్లండి, ప్యాకెట్ అన్నం కన్వీనియన్స్ స్టోర్లలో చవకగా దొరుకుతుంది, వాళ్లే వేడి చేసి ఇస్తారు. మన రైస్ కుక్కర్ మోసుకెళ్లొద్దు, అక్కడ కరెంటు 100 వోల్టులే, అన్నం ఉడకదు. తాజా పండ్లు, కూరగాయలు, పచ్చి కరివేపాకు సూట్‌కేసులో వద్దు, క్వారంటైన్ దగ్గర ఇబ్బంది.

మీరు ముగ్గురూ మాత్రం రైల్లో ఎకిబెన్, అంటే స్టేషన్ భోజనం డబ్బాలు తినండి, 1,000 నుంచి 1,500 యెన్‌లలో దొరుకుతాయి. యొకోకావా స్టేషన్‌లో 1958లో పుట్టిన మట్టి కుండ అన్నం ఉంది, ఆ కుండ ఇంటికి తెచ్చుకోవచ్చు. తొయామా మాసు-జుషి, వెదురాకుల్లో చుట్టిన చేప అన్నం, అదీ చూడండి. కనజావా ఓమిచో మార్కెట్‌లో శీతాకాలమంతా పీతల సీజన్, ఒక పెద్ద పీత ధర చూస్తే ఒక రాత్రి హోటల్ గది గుర్తొస్తుంది, నలుగురి కోసం ఒక్కటి పంచుకోవడం కంటే ఎక్కువ వద్దు. కెన్‌రోకుయెన్ తోటలో కొమ్మలు మంచు బరువుకి విరగకుండా పైన్ చెట్లకి గొడుగులాగా తాళ్లు కడతారు, అది చూడ్డానికి పెద్ద ఖర్చేమీ లేదు. యుదనకా దగ్గరున్న మంచు కోతుల పార్కుకి అడవిలో 1.6 కిలోమీటర్లు గడ్డకట్టిన దారిలో నడవాలి, అమ్మగారి మోకాళ్లు ఎలా ఉన్నాయో నాకు తెలీదు కానీ మీరిద్దరూ వెళ్లి వాళ్లని యుదనకాలో వేడినీటి స్నానానికి వదిలేస్తే అందరికీ హాయి.

లెక్క చూద్దాం, 100 యెన్‌లు 60 రూపాయలు అనుకుని. విమానం నలుగురికి 2 లక్షల 40 వేలు. ఎనిమిది రాత్రులు రెండేసి గదులు, గది 12,000 యెన్‌ల చొప్పున, 1 లక్షా 15 వేలు, షుకుబో రాత్రి 36 వేలు. ఆర్చ్ పాస్‌లు 72 వేలు. మెట్రోలు, బస్సులు, యుదనకా రైలు కలిపి 22 వేలు. భోజనం మనిషికి రోజుకి 4,500 యెన్‌లు వేస్తే 97 వేలు. ప్రవేశ టికెట్లు, హోటల్ నుంచి హోటల్‌కి సూట్‌కేసులు పంపే కొరియర్ కలిపి 24 వేలు, ఈ కొరియర్ దగ్గర మాత్రం పిసినారితనం వద్దు, మంచులో పెద్దవాళ్లు పెట్టెలు లాక్కుంటూ నడవకూడదు. ఇన్సూరెన్స్, వీసా, ఈ-సిమ్ 22 వేలు, చలి బట్టలు 20 వేలు. మొత్తం దాదాపు 6 లక్షల 48 వేలు.

మీ దగ్గర 3.5 లక్షలు, ఇంకా 8 నెలలు ఉన్నాయి కాబట్టి నెలకి 30 వేల చొప్పున 2.4 లక్షలు, మొత్తం 5.9 లక్షలు. ఈ 30 వేలు రికరింగ్ డిపాజిట్‌లో వేయండి, ఎనిమిది నెలల్లో కావలసిన డబ్బు షేర్లలో పెట్టొద్దు. ఇంకా తక్కువ పడేది సుమారు 58 వేలు.

ఇక్కడ మీ నాన్నగారి మాట వస్తుంది. ఆయన ఇస్తానన్న డబ్బు వద్దనకండి. మొత్తం ట్రిప్ ఆయన మీద వేయమనట్లేదు, రైలు పాస్‌లు నాలుగూ ఆయన్ని కొననివ్వండి, 72 వేలు. లోటు తీరి పైన 14 వేలు మిగులుతాయి. జీవితమంతా రైల్లో జనాన్ని గమ్యం చేర్చిన మనిషి, తన ఇంట్లో వాళ్లకి టికెట్ తీసే అవకాశం ఇస్తే అది ఆయన నుంచి డబ్బు తీసుకోవడం కాదండి. వద్దంటేనే ఆయన నొచ్చుకుంటారు.

డబ్బు మార్చేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. ఫారెక్స్ కార్డులో యెన్‌లు ఒకేసారి కాకుండా సెప్టెంబర్, నవంబర్, జనవరిల్లో మూడు సార్లుగా వేయండి. 2024 జూలైలో యెన్ డాలర్‌తో 1986 తర్వాత ఎప్పుడూ లేనంత కిందికి పడింది, మళ్లీ ఎటు కదులుతుందో ఎవరూ చెప్పలేరు, అందుకే మూడు ముక్కలు. మామూలు క్రెడిట్ కార్డు అయితే 2 నుంచి 3.5 శాతం మార్కప్, అంటే అదనపు ఛార్జీ, దాని మీద 18 శాతం జీఎస్టీ. దుకాణంలో మెషీన్ రూపాయల్లోనా యెన్‌లలోనా అని అడిగితే యెన్‌లే నొక్కండి, నేను ఒక షాపులో తొందరలో రూపాయలు నొక్కి నష్టపోయాను. టూర్ ప్యాకేజీ కొంటే టీసీఎస్, అంటే అమ్మేవాళ్లే పట్టుకునే పన్ను, ముందే వసూలు చేస్తారు, ఐటీ రిటర్న్‌లో సర్దుబాటు అవుతుంది కానీ అప్పటిదాకా మీ డబ్బు ఇరుక్కుంటుంది. విడివిడిగా బుక్ చేసుకుంటే ఆ ఇబ్బంది లేదు. ఫారెక్స్ కార్డుకైతే 2025 బడ్జెట్ తర్వాత ఒక మనిషికి ఏడాదికి 10 లక్షలు దాటితేనే టీసీఎస్.

తేదీలు సంక్రాంతి అయ్యాక, జనవరి 18 తర్వాత పెట్టుకోండి. డిసెంబర్ చివరి నుంచి జనవరి మొదటి రోజుల దాకా అక్కడ కొత్త సంవత్సరం సెలవులు, రైళ్లు కిక్కిరిసి చాలా షాపులు మూసి ఉంటాయి. భారీ మంచుకీ గాలికీ కనజావా-క్యోటో వైపు రైళ్లు ఆలస్యం అవుతుంటాయి, అందుకే చివరి రెండు రాత్రులు క్యోటోలో పెట్టాను, అవి కదపొద్దు. ఇన్సూరెన్స్‌లో అమ్మానాన్నలకి బీపీ, షుగర్ ఉంటే దాచకుండా రాయండి, ముందున్న జబ్బులకి కవర్ ఉందో లేదో అడగండి.

జపాన్ రైళ్ల రిజర్వేషన్ సరిగ్గా నెల ముందు ఉదయం 10 గంటలకి తెరుస్తారు, మనకి ఆరున్నర. ఆ అలారం పెట్టుకునే పని, కిటికీ సీట్లు పట్టే పని కూడా మీ నాన్నగారికే అప్పగించండి.