సరిహద్దులు మూసిన రోజుల్లో అమ్మను సిడ్నీకి ఎలా పంపామంటే

మీరు అడిగింది ఇది: కోవిడ్ రోజుల్లో విదేశాల్లో ఉన్న పిల్లల దగ్గరికి పెద్దవాళ్ళను పంపినవాళ్ళు ఎలా ప్లాన్ చేసుకున్నారు, మళ్ళీ అలాంటి రోజులొస్తే దేనితో మొదలుపెట్టాలి అని.

మాది శ్రీకాకుళం. చెల్లి, బావ సిడ్నీలో ఉంటారు, ఇద్దరికీ అక్కడి పౌరసత్వం ఉంది. 2021 డిసెంబర్‌లో చెల్లి రెండో కాన్పుకు అమ్మను పంపించాం. కాగితాలు, టికెట్లు, టెస్టులు అన్నీ నా నెత్తినే పడ్డాయి కాబట్టి తెలిసినంతలో చెబుతాను. నేను చెప్పేది ఒకటే: తిరిగొచ్చే దారి ముందు చూసుకోండి, వెళ్ళే దారి ఆ తర్వాత. చాలామంది టికెట్ దొరికిందా లేదా అనే దగ్గర మొదలుపెడతారు, ఇరుక్కునేది అక్కడే.

అమ్మ ప్రయాణానికి ముందు జరిగిన సంగతి ఒకటి చెబితే ఇది అర్థమవుతుంది. 2021 మార్చిలో నాన్నకి స్టెంట్ వేశారు. చెల్లి పెద్దపిల్లాణ్ణి తీసుకుని వచ్చేస్తానని ఒకటే పట్టు. అప్పట్లో ఆస్ట్రేలియా లోపలికి వెళ్ళడానికే కాదు, అక్కడి పౌరులు దేశం దాటి బయటికి రావడానికి కూడా పర్మిషన్ కావాలి. 2020 మార్చి నుంచి అదే రూలు. నాన్న ఆసుపత్రి కాగితాలు పెడితే ఆ పర్మిషన్ వచ్చేదేమో. మరి తిరిగి వెళ్ళేటప్పుడు? విదేశాల నుంచి వారానికి ఇంతమందే దిగాలని అక్కడి ప్రభుత్వం పరిమితి పెట్టింది. విమానంలో సీట్లు ఖాళీగా ఉన్నా జనాన్ని ఎక్కించుకునేవారు కాదు, టికెట్ చేతిలో ఉన్నవాళ్ళను కూడా ఆపేసేవారు. ఎలాగో దిగితే 14 రోజులు హోటల్ గదిలో బందీ, ఖర్చు మనదే. సిడ్నీలో అయితే పెద్ద మనిషికి 3,000 ఆస్ట్రేలియా డాలర్లు, వెంట ఉన్న పిల్లాడికి ఇంకో 500. ఇవన్నీ రాసి వాట్సాప్‌లో పెట్టి, "రావడం నీ చేతిలో ఉంది, వెళ్ళడం నీ చేతిలో లేదు. నాన్నని మేం చూసుకుంటాం, నువ్వు రావద్దు" అన్నాను. కొన్నాళ్ళు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

ఏప్రిల్ చివర్లో సెకండ్ వేవ్ విరుచుకుపడింది. ఇండియా నుంచి వచ్చే విమానాలను ఆస్ట్రేలియా ఆపేసింది. మే 3 నుంచి ఇంకో మెట్టు పైకెళ్ళింది: గత 14 రోజుల్లో ఇండియాలో ఉన్నవాళ్ళు, సొంత పౌరులైనా సరే, దేశంలో అడుగుపెడితే 5 ఏళ్ళ దాకా జైలు గానీ 66,600 డాలర్ల దాకా జరిమానా గానీ పడొచ్చన్నారు. అప్పటికి దాదాపు 9,000 మంది ఆస్ట్రేలియా వాళ్ళు ఇక్కడ చిక్కుకుని ఉన్నారు. వాళ్ళలో చాలామంది మనలాంటి ఇళ్ళవాళ్ళే, అమ్మనో నాన్ననో చూసుకోవడానికి వచ్చినవాళ్ళు. మే 15న నిషేధం ఎత్తేసి డార్విన్‌కు మొదటి విమానం వేస్తే, ఎక్కాల్సినవాళ్ళలో దాదాపు సగం మందిని టెస్టులో పాజిటివ్ అనో, పాజిటివ్ వచ్చినవాళ్ళతో కలిసి ఉన్నారనో ఢిల్లీలోనే ఆపేశారు. ఆ తర్వాత చెల్లి నన్నేమీ అనలేదు.

ఇక అమ్మ సంగతి. ఇక్కడ ఒక విచిత్రం ఉంది. పౌరుల భార్యాభర్తలు, పిల్లలు దగ్గరి కుటుంబం కింద లెక్క కాబట్టి వాళ్ళకు లోపలికి రావడానికి మినహాయింపు దొరికేది. కన్న తల్లిదండ్రులు మాత్రం ఆ లెక్కలోకి రారు. ఏడాదిన్నర పైన ఇదే తంతు. అక్కడున్న మనవాళ్ళు పిటిషన్లు పెట్టి, ఎంపీల చుట్టూ తిరిగి అడగ్గా అడగ్గా 2021 నవంబర్ 1 నుంచి తల్లిదండ్రులను కూడా కలిపారు. చెల్లికి అప్పటికి ఏడో నెల దాటింది. ఇంట్లో పండగే అనుకోండి. నాకు మాత్రం ఆ రోజు నుంచే అసలు టెన్షన్ మొదలైంది.

ఈమె ఈ పౌరురాలికి తల్లి అని కాగితం చూపించాలి. చెల్లి పుట్టినప్పుడు బర్త్ సర్టిఫికెట్ తీసుకోవాలన్న ధ్యాస ఎవరికుంది? పదో తరగతి సర్టిఫికెట్ ఉంది గానీ అందులో తండ్రి పేరే ఉంది. మున్సిపాలిటీలో రికార్డు తీయించడమా, అఫిడవిట్ రాయించడమా అని తల పట్టుకుని కూర్చుంటే, చెల్లి పాత ఇండియా పాస్‌పోర్టు గుర్తొచ్చింది. పౌరసత్వం మారాక రద్దు ముద్ర కొట్టి దాన్ని ఆమెకే తిరిగి ఇచ్చేస్తారు. ఆ పాస్‌పోర్టు చివరి పేజీలో అడ్రసు పైన తండ్రి పేరు, తల్లి పేరు రెండూ అచ్చేసి ఉన్నాయి. ఆ పేజీ, అమ్మ పాస్‌పోర్టు, చెల్లి పౌరసత్వ పత్రం కలిపి పెట్టాం, సరిపోయింది. కాబట్టి మీ పిల్లలు అక్కడి పాస్‌పోర్టు తీసుకున్నా పాతది పారేయొద్దని చెప్పండి.

రెండో తలనొప్పి పేర్లు. మన పేర్ల సంగతి మీకు తెలిసిందే. అమ్మ ఆధార్‌లో ఇంటిపేరుకి ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో మొత్తం ఇంటిపేరు. కోవిన్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో వ్యాక్సిన్ సర్టిఫికెట్ మనమిచ్చిన ఆధార్ చూసి వచ్చేది కదా, రెండు కాగితాల్లో ఇద్దరు మనుషులు తయారయ్యారు. కోవిన్‌లో పేరు సరిచేసుకునే వీలు పెట్టారు గానీ అది ఒక్కసారికే. అందుకని ఫోన్లో గబగబా కొట్టకుండా, ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర నెట్ సెంటర్లో కూర్చుని పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చూసి మార్పించాను. పాస్‌పోర్టు నంబరు కలిపాక, పుట్టిన తేదీ పూర్తిగా ఉండే అంతర్జాతీయ ప్రయాణ సర్టిఫికెట్ డౌన్‌లోడ్ చేశాం. అంతకుముందు దానిలో పూర్తి పుట్టిన తేదీ ఉండేది కాదు.

నాన్న ఎందుకు వెళ్ళలేదని అడుగుతారేమో. స్టెంట్ ఒక కారణం. ఇంకోటి వ్యాక్సిన్. అమ్మ వెళ్ళిన రోజు సెంటర్లో కోవిషీల్డ్ ఉంది, నాన్న వెళ్ళిన రోజు కోవాగ్జిన్ ఉంది. అప్పుడు దొరికిందే మహాభాగ్యం, విదేశాలు ఏది ఒప్పుకుంటాయో ఎవరు చూశారు? ఆస్ట్రేలియా కోవిషీల్డ్‌ను అక్టోబర్ 1న గుర్తించింది, కోవాగ్జిన్‌ను నవంబర్ 1న. అంటే చివరికి ఇద్దరికీ దారి తెరుచుకుంది. అయినా ఇద్దరూ అక్కడ చిక్కుకుంటే ఇక్కడ ఇల్లు, నాన్న చెకప్‌లు ఏం కావాలి? ఒక్కరే వెళ్ళాలని ముందే అనుకున్నాం. అమ్మ కూడా మొహమాటం లేకుండా "పురిటింట్లో మీ నాన్నతో నాకేం పని" అనేసింది.

విమానం విషయంలో నాది ఒకే సూత్రం: మధ్యలో ఎన్ని దేశాలు తగిలితే అన్ని దేశాల రూళ్ళు మన మెడకు చుట్టుకుంటాయి. కోవిడ్‌కి ముందు విశాఖ నుంచి సింగపూర్ మీదుగా వెళ్ళడం మనకు హాయిగా ఉండేది. ఆ రోజుల్లో మాత్రం ధర ఎక్కువైనా ఢిల్లీ నుంచి సిడ్నీకి నేరుగా వెళ్ళే టికెట్టే తీసుకున్నాను. సోంపేట, కవిటి వైపు గల్ఫ్ పనులకు వెళ్ళే కుర్రాళ్ళు పడ్డ పాట్లు చూశాక ఆ ధైర్యం చెయ్యబుద్ధి కాలేదు. నేరుగా రానివ్వని దేశాలకు వెళ్ళాలంటే మధ్యలో మరో దేశంలో 14 రోజులు ఉండి వెళ్ళాలి. అలా దుబాయ్‌లో దిగి రోజులు లెక్కపెట్టుకుంటున్నవాళ్ళు, 2021 ఫిబ్రవరిలో సౌదీ యూఏఈ నుంచి వచ్చేవాళ్ళను కూడా ఆపేసేసరికి అక్కడే ఉండిపోయారు. ముందుకు పోలేరు, వెనక్కి వస్తే పెట్టిన డబ్బు గోవిందా.

సరిగ్గా అమ్మ ప్రయాణం ముందు ఒమిక్రాన్ వచ్చింది. నవంబర్ చివర్లో సిడ్నీలో దిగినవాళ్ళందరూ 72 గంటలు ఇంట్లో విడిగా ఉండాలన్నారు. డిసెంబర్ 1న స్టూడెంట్లకు, ఉద్యోగ వీసాల వాళ్ళకు తలుపులు తెరుస్తామన్నవాళ్ళు దాన్ని 15కి వాయిదా వేశారు. పౌరుల తల్లిదండ్రులకు ఆ వాయిదా తగల్లేదు గానీ, రోజూ పొద్దున్నే లేచి ఆస్ట్రేలియా ప్రభుత్వ వెబ్‌సైట్ చూడటం నాకు జపంలా అయిపోయింది. వాట్సాప్ గ్రూపుల్లో వచ్చేవి నమ్మొద్దు. ఒకే రోజు "మూసేశారు", "తెరిచేశారు" రెండూ వచ్చేవి.

అది చాలదన్నట్టు డిసెంబర్ మొదటి వారంలో జవాద్ తుపాను. ఉత్తరాంధ్ర తీరం మీదికే వస్తుందన్నారు, రైళ్ళు చాలా రద్దు చేశారు. మేం రైలు నమ్ముకోకుండా ముందే కారులో విశాఖ చేరిపోయాం. తుపాను తీరం చేరకుండానే బలహీనపడింది. ముందు వెళ్ళడం వల్ల ఆర్‌టీపీసీఆర్ విశాఖలోనే చేయించాం. ల్యాబ్ వాళ్ళిచ్చిన రిపోర్టులో పాస్‌పోర్టు నంబరు లేదు, వయసు తప్పు. మళ్ళీ ఫోన్లు, మళ్ళీ బతిమాలడం, రాత్రి పదింటికి కొత్త రిపోర్టు వచ్చింది. విమానానికి 72 గంటల లోపు టెస్టు అన్నప్పుడు ఇలాంటి వాటికి మీ చేతిలో ఉండేది కొన్ని గంటలే. శాంపిల్ ఇచ్చేటప్పుడే పాస్‌పోర్టు జిరాక్స్ వాళ్ళ చేతిలో పెట్టి, కంప్యూటర్లో ఎక్కించింది చూపించమనండి. మొహమాటపడొద్దు.

ఢిల్లీ దాకా నేను వెంట వెళ్ళాను. అక్కణ్ణించి అమ్మకి వీల్‌చైర్ పెట్టించాం. ఆవిడ నాకంటే గట్టిగా నడుస్తుంది, కానీ తెలుగు తప్ప మరో భాష రాదు. వీల్‌చైర్ నెట్టే మనిషి ఇమిగ్రేషన్ నుంచి గేటు దాకా తనే తీసుకుపోతాడు. ఇది మనవాళ్ళందరికీ తెలిసిన ఉపాయమే. మందులు మూడు నెలలకు సరిపడా, డాక్టర్ చీటీ మీద బ్రాండ్ పేరు కాకుండా మందు అసలు పేరుతో రాయించి పెట్టాం. రాక ఆలస్యమైతే అక్కడ అదే మందు అడిగి తీసుకోవచ్చు. తిండి గురించి చిన్న యుద్ధమే జరిగింది. బాలింతకు కాయం, పలాస జీడిపప్పు, నువ్వులుండలు, ఇంటి నెయ్యి అన్నీ సర్దేసింది. పాల పదార్థాల విషయంలో ఆస్ట్రేలియా వాళ్ళు చాలా గట్టి, నెయ్యి నేను తీయించేశాను. మిగతావి అక్కడ దిగేటప్పుడు నింపే కార్డులో తిండి తెచ్చానని టిక్కు పెట్టి చూపించమన్నాం, చూసి పంపేశారు. చెప్పకుండా తీసుకెళ్తే జరిమానా.

ఇప్పుడు మళ్ళీ మొదటి మాటకొస్తాను. అమ్మకి వీసా తీసుకునేటప్పుడే నేను తిరుగు ప్రయాణం సంగతి చూసుకున్నాను. విజిటర్ వీసా లెటర్‌లో 8503 అనే నంబరు ఉందేమో చూడండి. ఉంటే అక్కడుండగా ఇంకో వీసాకి పెట్టుకోవడం దాదాపు కుదరదు, గడువు లోపల బయటపడాల్సిందే. అందుకని రిటర్న్ తేదీని గడువు చివరి రోజుకు పెట్టకుండా, మధ్యలో కనీసం రెండు మూడు వారాలు వదిలాను. అది ఎంత అవసరమో తర్వాత తెలిసింది. డిసెంబర్ 12న ఆంధ్రాలో మొదటి ఒమిక్రాన్ కేసు మన విజయనగరంలోనే బయటపడింది, ఐర్లండ్ నుంచి వచ్చిన మనిషికి. అంతే, విదేశాల నుంచి ఎవరొచ్చినా వీధి మొత్తం అనుమానంగా చూడటం మొదలైంది. జనవరి 11 నుంచి ఇండియాకు ఏ దేశం నుంచి వచ్చినా 7 రోజులు హోం క్వారంటైన్, 8వ రోజు టెస్టు అన్నారు. అప్పుడు వచ్చి ఉంటే నాన్న ఉన్న ఇంట్లో అమ్మను విడిగా ఎక్కడ ఉంచాలి? ఆగమన్నాం. ఫిబ్రవరి 14న ఆ రూలు తీసేశారు, విదేశాల నుంచి వచ్చేవాళ్ళు వివరాలు నింపే ఎయిర్ సువిధ వెబ్‌సైట్‌లో వ్యాక్సిన్ సర్టిఫికెట్ పెడితే చాలన్నారు. అమ్మ మార్చి మొదట్లో వచ్చింది. ఏఎన్‌ఎం, వార్డు వలంటీర్ వచ్చి వివరాలు రాసుకుని వెళ్ళారు, అంతే.

ఇక టికెట్ సంగతి. ఏజెంటు దగ్గర కాకుండా ఎయిర్‌లైన్ దగ్గరే నేరుగా తీసుకోండి, తేదీ మార్చుకోవడానికి ఫీజు లేని రకం. మాకు నాలుగైదు వేలు ఎక్కువైంది. మా వీధిలో ఒకాయన ఏజెంటు దగ్గర తక్కువకు కొన్నాడు. విమానం రద్దయ్యాక ఎయిర్‌లైన్ వాళ్ళు ఏజెంటును అడగమన్నారు, ఏజెంటు ఎయిర్‌లైన్ వాళ్ళు డబ్బు పంపలేదన్నాడు. ఇలా నెలల తరబడి తిరిగాడు. ట్రావెల్ ఇన్సూరెన్స్ కొనేటప్పుడు మాత్రం ఆ మహమ్మారి జబ్బుకు ఆసుపత్రి ఖర్చు ఇస్తారా, ప్రయాణం రద్దయితే ఇస్తారా అని రెండూ విడివిడిగా అడగండి. మేం తీసుకున్నదాంట్లో మొదటిది ఉంది, రెండోది లేదు.