టెక్ సందేహాలు: మందిరంలో మాట అందరికీ అందాలంటే

*నాన్నగారు చెవి మెషిన్ వాడతారు. మందిరంలో స్పీకర్లు పెద్దవే, సౌండూ బాగా పెడతారు. అయినా ప్రసంగం అర్థం కావట్లేదంటారు. మెషిన్ మార్చాలా?*

తొందరపడకండి, లోపం మెషిన్‌లో ఉండకపోవచ్చు. దానికుండే చిన్న మైకు ఎదురుగా కూర్చున్నవారి మాటను చక్కగా అందుకుంటుంది. దూరం పెరిగేకొద్దీ గోడలకు తగిలి వచ్చే ప్రతిధ్వని, ఫ్యాన్ల హోరు, పక్కవాళ్ల దగ్గు అన్నీ కలగలిసిపోతాయి. సౌండ్ పెంచితే ప్రతిధ్వని కూడా పెరుగుతుంది. నాన్నగారికి శబ్దం వినిపిస్తూనే ఉంటుంది, మాటే విడిపడదు.

పాస్టర్ గారి మైకులోని మాట గాలిలో ప్రయాణించకుండా నేరుగా నాన్నగారి మెషిన్‌లోకి రావాలి. అందుకోసం చాలాకాలంగా ఉన్న ఏర్పాటు ఇండక్షన్ లూప్. హాలు చుట్టూ ఒక వైరు వేసి, ప్రత్యేక ఆంప్లిఫయర్ ద్వారా మైకు సిగ్నల్‌ని అందులోకి పంపుతారు. వైరు చుట్టూ ఏర్పడే అయస్కాంత క్షేత్రాన్ని చెవి మెషిన్‌లోని టెలికాయిల్ అనే చిన్న తీగచుట్ట అందుకుంటుంది. మెషిన్‌ని ‘టి’ ప్రోగ్రామ్‌లో పెట్టుకుంటే చాలు. వెనక వరసలో కూర్చున్నా పాస్టర్ గారు చెవి దగ్గరే మాట్లాడినట్టు ఉంటుంది.

ముందుగా నాన్నగారి మెషిన్‌లో టెలికాయిల్ ఉందేమో ఆడియాలజిస్టుని అడగండి. బాగా చిన్న మోడళ్లలో ఉండకపోవచ్చు. కొన్నింటిలో ఉన్నా, సెట్టింగ్‌లో ఆన్ చేయించుకోవాలి. లూప్ వేయిస్తే ఆయన్నే ఒక్కో వరసలో కూర్చోబెట్టి విని చూడమనండి. నేలలో ఇనుము ఎక్కువుంటే కొన్ని చోట్ల సిగ్నల్ పడిపోతుంది. ఎలక్ట్రిక్ గిటార్ కూడా ఈ సిగ్నల్‌ని పట్టేసి గుయ్యిమంటుంది కాబట్టి వాయించేవారినీ ఆ రోజు పిలవండి. బ్లూటూత్‌తో ఇదే పని చేసే ఆరాకాస్ట్ 2022లో వచ్చింది కానీ, దానికి కొత్త మెషిన్లే కావాలి. లూప్ వేసేలోపు ఆండ్రాయిడ్ ఫోన్‌లో లైవ్ ట్రాన్స్‌క్రైబ్ పెట్టి స్పీకర్‌కి దగ్గరగా కూర్చోమనండి. మాటలు అక్షరాలుగా కనిపిస్తాయి. బైబిల్ పేర్లను తప్పుగా రాస్తుంటే, వాటిని ముందే యాప్‌లో చేర్చుకోవచ్చు.

*చూపులేని ఒక సోదరికి పాటల పీడీఎఫ్ పంపాం. ఆమె ఫోన్‌లో తెరమీది అక్షరాలను చదివి వినిపించే టాక్‌బ్యాక్ ఏవో పిచ్చి అక్షరాలు చదువుతోందట. ఫోన్ పాడైందా?*

ఫోన్ బాగానే ఉంది. మీ పాటల పుస్తకాన్ని పాత అను ఫాంట్లలో టైపు చేసి ఉంటారు. అక్కడ తెరపై తెలుగు కనిపించినా, లోపల దాచి ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. టాక్‌బ్యాక్ చదివేది వాటినే. పీడీఎఫ్‌లో ఒక లైను కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేయండి. తెలుగు వస్తే అది యూనికోడ్, అంటే లోపల కూడా తెలుగు అక్షరాలనే దాచే పద్ధతి. గజిబిజిగా వస్తే పాత ఫాంటు. అసలు కాపీయే కాకపోతే అది ఫొటో.

పాత ఫాంటుని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ఫొటో అయితే గూగుల్ డ్రైవ్‌లో వేసి గూగుల్ డాక్స్‌తో తెరవండి, అక్షరాలు బయటికొస్తాయి. రెండింటిలోనూ వత్తులు, గుణింతాలు తారుమారవుతుంటాయి. ఎవరైనా కూర్చుని పాట పాటా సరిచూడాల్సిందే. ఓపిక కావాలి, నిజమే. కానీ ఒకసారి చేస్తే ఆ పుస్తకం ఎప్పటికీ పనికొస్తుంది. చివరిగా టాక్‌బ్యాక్ ఆన్ చేసి, తెర చూడకుండా మీరే వినండి. ఎక్కడ తడబడుతుందో తెలిసిపోతుంది. పాటల్ని ఆరాధన రోజు ఉదయం కాకుండా ముందు రోజే మామూలు మెసేజ్‌గా పంపండి. ఆమె నేర్చుకుని వచ్చి మొదటి చరణం నుంచే అందరితో కలిసి పాడతారు.

*తెరపై పాటల వెనక కదిలే వీడియోలు వేయొచ్చా?*

వద్దు. ముదురు నేపథ్యం మీద తెల్లని పెద్ద అక్షరాలు చాలు. వెబ్ యాక్సెసిబిలిటీ నియమాల ప్రకారం అక్షరానికీ నేపథ్యానికీ కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) కనీసం 4.5:1, పెద్ద అక్షరాలకైతే 3:1 ఉండాలి. కదిలే వీడియో మీద అది క్షణక్షణం మారిపోతుంది. సెకనుకి 3 సార్లకు మించి మెరిసే లైట్లు మూర్ఛ ఉన్నవారికి ప్రమాదం. వాటిని పూర్తిగా తీసేయండి.

*మంచాన ఉన్న అమ్మ యూట్యూబ్‌లో ఆరాధన చూస్తుంది. మాట గింగురుమంటోంది. పైగా తనని ఎవరూ పట్టించుకోనట్టు ఉందంటోంది.*

గింగురుమంటోందంటే, కెమెరాగా పెట్టిన ఫోన్ మైకే హాలు మొత్తాన్ని వింటోందన్నమాట. మిక్సర్‌ ‘ఆక్స్’ అవుట్‌పుట్ నుంచి ఆడియో ఇంటర్‌ఫేస్ (మిక్సర్ సౌండ్‌ని ఫోన్‌కో కంప్యూటర్‌కో అందించే చిన్న పెట్టె) ద్వారా లైవ్‌కి వేరే లైను ఇమ్మని సౌండ్ చూసేవారికి చెప్పండి. అదే లైవ్‌లో వినికిడి లేనివారి కోసం సంజ్ఞా భాషలో చెప్పేవారు ఉంటే, లైవ్ ప్రసారానికి వాడే ఓబీఎస్ స్టూడియో సాఫ్ట్‌వేర్‌లో ఆయనకొక కిటికీ పెట్టమనండి. ముఖం, రెండు చేతులు పూర్తిగా కనిపించాలి, పాటల అక్షరాలు వాటిని కప్పేయకూడదు. సంజ్ఞా భాషే మాతృభాషైన వారికి కింద వచ్చే క్యాప్షన్లు సరిపోవు.

ఇక అమ్మగారి బాధ. లైవ్ కొన్ని సెకన్లు ఆలస్యంగా వెళ్తుంది. ‘ప్రార్థన మనవులు చెప్పండి’ అన్న మాట ఆమెకి చేరి, టైపు చేసేసరికి ఇక్కడ ప్రార్థన ముగిసిపోతుంది. యూట్యూబ్ లైవ్ సెట్టింగ్స్‌లో లేటెన్సీని (ఆలస్యాన్ని) ‘అల్ట్రా లో’కి మార్చితే కొంత తగ్గుతుంది. అంతకన్నా ముఖ్యంగా, సంఘంలో ఒకరికి ఇదే పని అప్పగించమనండి: ఆరాధనకి అరగంట ముందు అమ్మగారికి మామూలు ఫోన్ చేసి, మనవి అడిగి రాసుకుని, పాస్టర్ గారి చేతికివ్వడం. అందరి పేర్లతో పాటు ఆమె పేరునూ మైకులో చదవాలి.