వాన ఆగాక కూడా మౌంటెన్ బైక్ ట్రైల్ ఎందుకు మూసి ఉంచుతారు?

మీరు అడిగినవి రెండు: అమెరికాలో చాలాచోట్ల వాన తగ్గినా ట్రైల్ (కొండల్లో సైకిల్ తొక్కే మట్టిదారి) ఎందుకు తెరవరని, కొండ మీంచి నేరుగా దారి వేయకుండా అన్ని వంకరలు ఎందుకని. రెండింటికీ కారణం నీళ్లే.

నీరు పల్లమెరుగు అంటారు కదా, దారి నేరుగా కిందికి దిగితే వాన నీళ్లకు అదే కాలువైపోతుంది, మట్టంతా కోసుకుపోయి రాళ్లూ వేళ్లూ మిగులుతాయి. అందుకే ఇంటర్నేషనల్ మౌంటెన్ బైసైక్లింగ్ అసోసియేషన్ వాళ్లు ఒక లెక్క చెబుతారు, దారి వాలు కొండ వాలులో సగం దాటకూడదని. అంటే కొండ వాలు 16 శాతం ఉంటే (100 అడుగులు ముందుకెళ్తే 16 అడుగులు ఎత్తు మారడం అన్నమాట) దారి వాలు 8 శాతం దాటకూడదు. దానికితోడు దారిని లోయ వైపు ఓ 5 శాతం వంచుతారు, దిగే దారిని అక్కడక్కడా కాస్త పైకి లేపి మళ్లీ దించుతారు, దాంతో నీళ్లు దారి వెంట పరిగెత్తకుండా పక్కకు జారిపోతాయి. (నాకైతే తొక్కేటప్పుడు ఆ ఎత్తుపల్లాల్లోనే అసలు మజా.)

తడి మట్టిలో తొక్కితే టైరు గాడి పడి, ఎండాక అలాగే గట్టిపడి, తర్వాతి వానకు మళ్లీ కాలువే. ఇసుక నేల త్వరగా ఆరుతుంది, బంకమట్టితోనే తంటా. టైరుకు మట్టి అంటుకుంటోందంటే వెనక్కి తిరగండి. దారిలో చిన్న నీటి గుంట ఉంటే పక్కనుంచి కాదు, మధ్యలోంచే పోండి, లేకపోతే దారి వెడల్పవుతూ పోతుంది.

ఎవరైనా ఎదురుపడితే నడిచేవాళ్లకూ గుర్రాలకూ సైకిలే ఆగాలి, దిగేవాళ్లు ఎక్కేవాళ్లకు దారివ్వాలి. అక్కడి బోర్డు మీద వేరేగా రాసుంటే అదే ఫైనల్.