తెల్లబడే క్రీముతో కిడ్నీకి చేటు: షాపు మీద కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మాది కావలి. మా చెల్లెలికి 23 ఏళ్లు. సంబంధాలు చూస్తున్నామని ఇక్కడి ఫ్యాన్సీ షాపులో ముఖం తెల్లబడే క్రీము డబ్బా 350 రూపాయలకు నేనే కొనిచ్చాను. డబ్బా మీద ఇంగ్లీషు, అరబీ అక్షరాలున్నాయి. నెల తిరక్కుండానే ముఖం తేటగా వచ్చింది. నాలుగు నెలలయ్యాక పొద్దున లేచేసరికి కళ్ల కింద, పాదాలకు వాపు. నెల్లూరులో చూపిస్తే మూత్రంలో ప్రొటీన్ పోతోందన్నారు, ఏం క్రీము వాడుతున్నావని డాక్టరే అడిగారు. షాపాయన "మాకు చెన్నై నుంచి సరుకొస్తుంది, అమ్మడం వరకే మా పని, కంపెనీని అడుక్కోండి. కావాలంటే డబ్బా తెచ్చి డబ్బులు తీసుకుపోండి" అంటున్నాడు. బిల్లు లేదు, ఫోన్‌పేలో కట్టాను. కేసు వేస్తే నిలబడుతుందా?

జవాబు: నిలబడుతుంది. అయితే ఆ డబ్బా మీ చేతిలో ఉన్నంతవరకే. 350 రూపాయలు వెనక్కి తీసుకుని డబ్బా ఇచ్చేశారా, మీ కేసులో సగం ఆ కౌంటరు మీదే పోయినట్టు. షాపాయన అంత సులువుగా డబ్బులిస్తాననడం మంచితనం అయినా కావచ్చు, కాకపోనూ వచ్చు. ఏదైనా డబ్బా ఇవ్వకండి, "నాకు ఇక ఏ అభ్యంతరమూ లేదు" అని రాసిన కాగితం మీద సంతకమూ పెట్టకండి.

ముందు డాక్టరుకు వచ్చిన అనుమానం సంగతి. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారు కావాలంటే టైరోసినేజ్ అనే ఎంజైము పని చెయ్యాలి. పాదరసం దాన్ని అడ్డుకుంటుంది. చవకగా దొరుకుతుంది, వారాల్లో ఫలితం కనబడుతుంది, అందుకే ఇలాంటి క్రీముల్లో కలుపుతారు. అది చర్మం గుండా రక్తంలోకి పోయి కిడ్నీల్లో చేరుతుంది. వడపోత పొర దెబ్బతిని ప్రొటీన్ మూత్రంలోకి జారిపోతుంది, ముఖం, కాళ్లు వాచేది అందుకే. కేరళలో మలప్పురం జిల్లా కొట్టక్కల్ డాక్టర్లు 2021 జూలై నుంచి 2023 సెప్టెంబరు దాకా చూసిన ఇలా మూత్రంలో ప్రొటీన్ పోయే 22 కిడ్నీ కేసుల్లో 15 మందికి నెల్-1 (కిడ్నీ వడపోత పొరలో పేరుకునే ఒక ప్రొటీన్) రకం జబ్బు తేలింది. ఆ 15 మందిలో 13 మంది తెల్లబడే క్రీములు వాడినవాళ్లే. ఇది అంతర్జాతీయ కిడ్నీ వైద్య పత్రికలో అచ్చయింది. దాని నకలు కేసు కట్టలో పెట్టండి. మీ చెల్లెలికి కిడ్నీ బయాప్సీ చేస్తే నెల్-1 పరీక్ష కూడా చెయ్యమని డాక్టరును అడగండి.

ఇక చట్టం. 1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం, దాని కింద 2020 డిసెంబరులో వచ్చిన కాస్మెటిక్స్ రూల్స్ ఇక్కడ వర్తిస్తాయి. కంటి చుట్టూ వాడే వాటిలో 70 పీపీఎం దాకా పాదరసానికి మినహాయింపు ఉంది. మిగతా ఏ క్రీములోనైనా, తెలియక కలిసిందనుకున్నా 1 పీపీఎం దాటకూడదు, అంటే కిలో క్రీముకు 1 మిల్లీగ్రాము. ఒంటికి హాని చేసే విష పదార్థం ఉన్న సౌందర్య సాధనాన్ని సెక్షన్ 17-ఇ కల్తీ సరుకంటుంది. దాన్ని తయారు చెయ్యడమే కాదు, అమ్మడమూ నేరమే. శిక్ష మూడేళ్ల దాకా జైలు, జరిమానా కనీసం 50,000 రూపాయలు లేదా పట్టుబడ్డ సరుకు విలువకు మూడింతలు, రెండింటిలో ఏది ఎక్కువైతే అది.

పరీక్ష రిపోర్టు రాకముందే మీ చేతిలో ఒక ఆధారం ఉంది. డబ్బాను, అట్టపెట్టె ఉంటే దాన్నీ వెలుతురులో తిప్పి చూడండి. బయటి దేశం నుంచి వచ్చిన సౌందర్య సాధనం మీద దిగుమతి రిజిస్ట్రేషన్ నంబరు, దిగుమతిదారు పేరు, చిరునామా తప్పనిసరి. బ్యాచ్ నంబరు, గడువు తేదీ, కలిపిన పదార్థాల జాబితా కూడా ఉండాలి. నాలుగు వేళ్ల వెడల్పు డబ్బా మీద బొమ్మ పెద్దదిగా ఉండి, దిగుమతిదారు పేరే లేదనుకోండి, లోపల ఏమున్నా ఆ సరుకు 17-సి కింద తప్పుడు లేబులు సరుకే. పదార్థాల్లో కలోమెల్, మెర్క్యురస్ క్లోరైడ్, అమోనియేటెడ్ మెర్క్యురీ, మెర్క్యురియో, సిన్నబార్ లాంటి మాట కనబడితే అది పాదరసమే. "వెండి, బంగారు నగలకు తగలనివ్వకండి" అని హెచ్చరిక ఉన్నా అనుమానించాల్సిందే. అవేవీ లేవని క్రీము మంచిదనుకోకండి, కలిపేవాడు లేబులు మీద రాసి కలపడు.

సెక్షన్ 26 కింద మామూలు మనిషి కూడా తాను కొన్న సౌందర్య సాధనాన్ని నిర్ణీత ఫీజు కట్టి ప్రభుత్వ అనలిస్టుతో పరీక్ష చేయించుకుని రిపోర్టు తీసుకోవచ్చు. చాలామందికి ఈ హక్కు ఉందనే తెలియదు. చిక్కల్లా ఎక్కడంటే, సగం వాడిన మీ పాత డబ్బాకు రిపోర్టు వచ్చినా, మీరే ఏదో కలిపారని అవతలి వకీలు అనకమానడు. అందుకని సీలు విప్పని డబ్బాలు అదే షాపులో కొనాలి. మిమ్మల్ని షాపాయన గుర్తుపడతాడు కాబట్టి బంధువుల్లో ఒకరిని పంపండి. అదే పేరు, వీలైతే అదే బ్యాచ్ నంబరువి మూడు కొనమనండి. బిల్లు అడగమనండి, ఇవ్వకపోతే ఫోన్‌పేలోనే కట్టమనండి, పక్కన ఇంకో మనిషి సాక్షిగా ఉండాలి. సెక్షన్ 26 కొన్నవాళ్లకిచ్చిన హక్కు కాబట్టి పరీక్ష దరఖాస్తు ఆ బంధువు పేరు మీదే వెళ్లాలి. డబ్బాలు విప్పకుండా కవరులో పెట్టి, అంటించిన చోట కొన్నవారు, సాక్షి సంతకాలు చేసి తేదీ వెయ్యండి. పాత డబ్బాను కడగకండి, వేరే సీసాలోకి మార్చకండి. మూత బిగించి జిప్ కవరులో వేసి, పిల్లలకు అందని చోట ఎండ తగలకుండా ఉంచండి.

కొన్న రోజే, ఆలస్యం చెయ్యకుండా, నెల్లూరులోని ఔషధ నియంత్రణ శాఖ కార్యాలయానికి వెళ్లి డ్రగ్స్ ఇన్‌స్పెక్టరు పేర రాతపూర్వక ఫిర్యాదు ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. ఈ వరస తప్పొద్దు. ముందు ఫిర్యాదిచ్చి తర్వాత కొందామంటే, విషయం షాపు దాకా పాకి అరలో సరుకు మాయమవుతుంది. ఇన్‌స్పెక్టరు తానే నమూనా తీస్తే దాన్ని నాలుగు భాగాలు చేస్తాడు. చిన్న డబ్బాలైతే విప్పకుండా డబ్బాలనే తీసుకుంటాడు. ఒకటి షాపుకు, ఒకటి అనలిస్టుకు, ఒకటి కోర్టుకు, ఒకటి సరుకు పంపిన పైవాడికి. అనలిస్టు రిపోర్టును 28 రోజుల్లో సవాలు చెయ్యకపోతే అదే తిరుగులేని సాక్ష్యం. సరుకు ఎక్కడ కొన్నాడో, ఎవరు పంపారో చెప్పమని ఇన్‌స్పెక్టరు అడిగితే షాపాయన సెక్షన్ 18-ఎ కింద చెప్పి తీరాలి. "చెన్నై నుంచి వస్తుంది" అంటే కుదరదు.

"మాకు తెలియదు, మేం అమ్ముతాం" అనే మాట నేరం కేసులోనూ, పరిహారం కేసులోనూ చెల్లదు. నేరం కేసులో, పైన చెప్పిన 1940 చట్టం సెక్షన్ 19 ప్రకారం సరుకు స్వభావం తెలియదనడం ఒక్కటే సమాధానం కాదు. సరైన చోట కొన్నానని, తగిన జాగ్రత్త తీసుకున్నా లోపం తెలుసుకోలేకపోయానని రుజువు చేస్తేనే బయటపడతాడు. కొన్న బిల్లులే లేనివాడికి అది కష్టం. వినియోగదారుల రక్షణ చట్టం 2019 లోని సెక్షన్ 86 మీకు ఇంకా గట్టి అండ. తయారీదారు ఎవరో తెలియకపోయినా, తెలిసినా అతనికి నోటీసు అందించలేకపోయినా, అతను మన చట్టం పరిధిలో లేకపోయినా, అమ్మినవాడే నష్టపరిహారానికి బాధ్యుడు. అరబీ అక్షరాల డబ్బా కంపెనీని వెతుక్కుంటూ మీరు దేశం దాటి పోనక్కర్లేదు.

పరిహారం కేసు వినే జిల్లా వినియోగదారుల కమిషన్ (అందరూ ఇంకా కన్స్యూమర్ కోర్టనే అంటారు) నెల్లూరులోనే ఉంది. మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వెయ్యవచ్చు, రేపు చెన్నై టోకు వ్యాపారి పేరు బయటపడితే అతన్నీ ఇక్కడికే పిలవవచ్చు. ఫీజు మీరడిగే పరిహారాన్ని బట్టి కాదు, సరుకుకు కట్టిన ధరను బట్టి. 5 లక్షల లోపు ఫీజే లేదు, కాబట్టి 350 రూపాయల క్రీముకు పైసా కట్టనక్కర్లేదు. కొన్నది మీరు, వాడింది చెల్లెలు కదా అని జంకకండి, కొన్నవారి అనుమతితో వాడినవారూ వినియోగదారులే. చెల్లెలిని ఒకటో ఫిర్యాదుదారుగా, మిమ్మల్ని రెండోవారిగా పెట్టండి. గడువు రెండేళ్లు. జబ్బు బయటపడ్డ రోజు నుంచి లెక్కించాలని వాదించవచ్చు గానీ, ఆ వాదన మీద ఆధారపడకుండా కొన్న తేదీ నుంచే లెక్కేసుకోండి.

బిల్లు లేకపోవడం మీకు లోటు కాదు. బిల్లివ్వకపోవడం అదే చట్టంలో అనుచిత వ్యాపార పద్ధతి, ఫిర్యాదులో దాన్నీ ఒక పాయింటుగా రాయండి. ఫోన్‌పేలో ఆ రోజు చెల్లింపు తెరిచి యూపీఐ నంబరు, షాపు పేరు, సమయం కనబడేలా ప్రింటు తీయండి, ఆ నెల బ్యాంకు స్టేట్‌మెంటు జత చెయ్యండి. ఫోను నుంచి తీసిన సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కూడా పెట్టడం మంచిది. డ్రగ్స్ ఇన్‌స్పెక్టరుకు ఫిర్యాదిచ్చాక, కమిషన్‌లో కేసు వేసే ముందు స్పీడ్ పోస్టులో షాపుకు నోటీసు పంపి 15 రోజుల గడువివ్వండి. నోటీసు తప్పనిసరేమీ కాదు, కానీ దానికొచ్చే జవాబులో సరఫరాదారు పేరు తరచూ బయటపడుతుంది.

ఇలాంటి కేసులు ఎక్కువగా వీగిపోయేది వైద్య సాక్ష్యం దగ్గర. క్రీము వెంటనే ఆపించండి, ఆపిన తేదీ రాసి పెట్టుకోండి. పాదరసం శరీరం నుంచి నెలల్లో తగ్గిపోతుంది, మూడు నెలలు ఆగి పరీక్షకు వెళితే అంకె చిన్నదై కనబడుతుంది. రక్తంలో పాదరసం ఒక్కటే చేయిస్తే చాలదు. సముద్రపు చేపల్లో వేరే రకం పాదరసం ఉంటుంది, అది రక్త పరీక్షలో తేలుతుంది. నెల్లూరు జిల్లా అమ్మాయి చేపల పులుసు తినలేదంటే ఎవరు నమ్ముతారు? అవతలి వకీలు మొదట వేసే ప్రశ్న అదే. క్రీముల్లో వాడే రకం మూత్రంలో బయటపడుతుంది కాబట్టి 24 గంటల మూత్రంలో పాదరసం పరీక్ష కూడా కావాలి. లోహం కలవని డబ్బా ల్యాబువాళ్లే ఇస్తారు, ఇంట్లో సీసాలో పట్టి తీసుకెళ్లకండి. కేస్ షీట్‌లో "ఫలానా క్రీము నాలుగు నెలలు వాడింది" అని పేరుతో సహా రాయమని డాక్టరును అడగండి. "ఏదో క్రీము" అని ఉంటే ఆ ఒక్క మాట మీదే వాదన నడుస్తుంది. అదే క్రీము వాడినవాళ్లు, ఆమె తలగడ, తువ్వాలు పంచుకున్నవాళ్లు ఇంట్లో ఉంటే వాళ్లకూ పరీక్ష చేయించండి.

ముఖం మీద ఎర్రటి నరాలు, సన్న వెంట్రుకలు, ఆపితే మంట ఉంటే క్రీములో స్టెరాయిడ్ కూడా ఉండవచ్చు. పరీక్ష దరఖాస్తులో పాదరసంతో పాటు స్టెరాయిడ్లనూ చూడమని విడిగా రాయండి, అడగనిది వాళ్లు వెతకరు. స్టెరాయిడ్ తేలితే అది మందు, ఫ్యాన్సీ షాపులో అమ్మే సరుకే కాదు.

పరిహారం అడిగేటప్పుడు కోటి రూపాయలు రాసి నవ్వులపాలు కావద్దు. క్రీము ధర, ప్రతి మందుల బిల్లు, పరీక్షల రసీదులు, కావలి, నెల్లూరు మధ్య తిరిగిన టిక్కెట్లు, ఉద్యోగం ఉంటే పోయిన జీతం, రాబోయే చికిత్సకు డాక్టరు రాసిచ్చిన అంచనా, వీటి పైన మనోవేదనకు ఒక సమంజసమైన మొత్తం అడగండి. కమిషనే నమూనాను ల్యాబుకు పంపితే ఆ ఫీజు మొదట మీరే కట్టాలి, 45 రోజుల్లో రిపోర్టు రావాలి. పరీక్ష అవసరమైన కేసులు ఐదు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది. వాస్తవంలో ఇంకా పడుతుంది, ఆ లెక్కతోనే మొదలుపెట్టండి.

రిపోర్టు చేతికి రాకముందే షాపు పేరు, ఫోటో పెట్టి వాట్సాప్ గ్రూపుల్లో వీడియో తిప్పకండి. పరువునష్టం కేసు మీ మీదికే వస్తుంది, పైగా షాపాయన ఆ రాత్రికే మిగతా డబ్బాలు సర్దేస్తాడు.