వాన మొదలైతే అమ్మ మేడెక్కుదాం అంటోంది, ఏం చెయ్యాలి?

ప్రశ్న: మా అమ్మకి 72 ఏళ్ళు. నాన్న పోయాక అవనిగడ్డ దగ్గర మా ఊరి నుంచి కూకట్‌పల్లిలో మా ఫ్లాట్‌కి తెచ్చుకున్నాం, ఏడాదిన్నర అయింది. చెప్పిందే చెప్తోంది. నాన్నేరి అని రోజుకి పదిసార్లు అడుగుతుంది, పోయారమ్మా అంటే అప్పుడే విన్నట్టు ఏడుస్తుంది. వాన మొదలైతే మేడెక్కుదాం పదండే అని చెయ్యి పట్టుకుని లాగుతుంది, పిల్లలు భయపడుతున్నారు. రోజూ పొద్దున్నే ఇవాళ ఏ వారం, నా పేరేంటి అని ప్రాక్టీస్ చేయిస్తున్నా. అన్నయ్య వయసుతో వచ్చే మతిమరుపేలే అంటాడు. మొన్న గట్టిగా అరిచేశా, రాత్రంతా నిద్రపట్టలేదు. హోమ్‌లో పెడితే మంచిదా?

జవాబు: ముందు ఆ అరిచిన సంగతి వదిలెయ్యండమ్మా. పగలూ రాత్రీ ఒక్కరే చూసుకునేవాళ్ళకి ఎప్పుడో ఒకప్పుడు ఓపిక అయిపోతుంది, దానికి మీరు చెడ్డకూతురు అయిపోరు.

మీ ఉత్తరంలో నన్ను పట్టుకున్నది ఆ మేడ మాట. మీ అమ్మది అవనిగడ్డ ఉండే దివిసీమ కదా, 1977 నవంబర్ 19న ఉప్పెన వచ్చినప్పుడు ఆవిడకి 24 ఏళ్ళు ఉండుంటాయి, అప్పుడు వేలమంది పోయారు, పక్కా మేడ దొరికినవాళ్ళూ చెట్టు పట్టుకుని వేలాడినవాళ్ళూ బతికి బయటపడ్డారు. మీరప్పటికి పుట్టి ఉండరు కాబట్టి మీకది పిచ్చిమాటలా వినిపిస్తోంది గానీ నాకైతే మిమ్మల్ని కాపాడుకోవాలని చూస్తున్న తల్లి మాటలా వినిపిస్తోంది. నా ఊహ తప్పు కావచ్చు, అందుకే మీ మేనత్త ఉంటే ఆవిణ్ణి అడగండి, లేదా ఆ వయసు వాళ్ళు మీ ఊళ్ళో ఇంకెవరున్నా సరే, ఆ రోజు అమ్మ ఎక్కడుంది, ఎవరి మేడెక్కింది అని.

ఇలా ఎందుకవుతుందంటే అల్జీమర్స్ లాంటి జబ్బులో మెదడులో హిప్పోకాంపస్ అనే భాగం ముందుగా దెబ్బతింటుంది, కొత్త విషయాన్ని దాచుకునే పని దానిదే, అందుకే పొద్దున తిన్న ఇడ్లీ గుర్తుండదు కానీ పదేళ్ళ నుంచి ముప్ఫై ఏళ్ళ వయసు మధ్య జరిగినవి చాలాకాలం గట్టిగా నిలబడతాయి. ఇంకోటి, మీ అమ్మ జ్ఞాపకాలన్నీ ఆవిడ ఒక్కదాని బుర్రలోనే లేవండీ. నాన్నగారు ఒక కథ మొదలుపెడితే అమ్మ పేరు అందించేది, అమ్మ పెళ్ళి సంగతి ఎత్తితే ఆయన సంవత్సరం చెప్పేవారు, అలా కొన్ని దశాబ్దాలు ఇద్దరూ కలిసి మోసిన సామాను అది. ఆయన పోయారు, ఆ తర్వాత వీధి కూడా పోయింది, వదినా అని పిలిచేవాళ్ళు లేరు, ఫ్లాట్‌లో తలుపేసుకుంటే పక్కింట్లో ఎవరున్నారో తెలీదు. మతిమరుపు అప్పటికే మొదలై ఉండొచ్చు, ఇన్నాళ్ళూ ఆయన అందిస్తూ ఉంటే మీ కంటపడి ఉండదు.

అందుకే ఆ పొద్దున్న పరీక్ష ఆపెయ్యండి దయచేసి. నేనెవరో చెప్పు అంటే జవాబు రానప్పుడు ఆవిడకి మిగిలేది సిగ్గే. అడగడం మానేసి అందించండి. అమ్మా, ఆవకాయకి ఆవపిండి ఎంత పొయ్యాలే అని అడగడం కూడా ఒక్కోసారి పరీక్షే అవుతుంది, దాని బదులు ఒక పళ్ళెంలో ఆవాలు, ఉప్పు, కారం పోసి ముందు పెట్టి పక్కన కూర్చోండి, లెక్క నోటికి రాకపోయినా చెయ్యి దానంతటదే కొలుస్తుంది, వేళ్ళకి ఆ వాసన అంటుకున్నాక మాట దానంతటదే వస్తుందేమో చూడండి. పాత ఫోటో చూపిస్తే ఇదెవరు అనకుండా ఇది మన పెద్దన్నయ్య అక్షరాభ్యాసం, నాన్న ఎంత హడావుడి చేశారో అని మీరే మొదలుపెట్టండి.

నాన్నేరి అన్నప్పుడు పోయారు అని ప్రతిసారీ చెప్పక్కర్లేదు, ఆవిడకి అది ప్రతిసారీ కొత్త చావే. నాన్న గుర్తొచ్చారా అమ్మా, నాక్కూడా, ఆయనకి గట్టి పెరుగంటే ఎంత ఇష్టమో అనండి. అబద్ధం కాదు కదా అది. వాన వచ్చినప్పుడు ఉప్పెన కథ మీరు తవ్వకండి, ఆవిడే ఎత్తితే మాత్రం మాట మార్చకుండా చెయ్యి పట్టుకుని, మనం నాలుగో అంతస్తులోనో ఐదో అంతస్తులోనో ఎత్తులోనే ఉన్నాం, పిల్లలందరూ లోపలే ఉన్నారు అని చెప్పండి, కావాలంటే పిల్లల్ని పిలిచి చూపించండి. పిల్లలకి కూడా అమ్మమ్మ ఎందుకలా అంటుందో తెలిస్తే భయం తగ్గుతుంది.

దీంతో జబ్బు నయమవదు, ఆ ఆశ పెట్టను. కలిసి గుర్తుచేసుకునే పద్ధతి మీద 2018లో 22 పరిశోధనల్ని పరిశీలిస్తే జ్ఞాపకం, మాట కలవడం లాంటి వాటిలో కొన్నిచోట్ల కొద్దిపాటి మేలే కనిపించింది. ఇంట్లో కొద్దిపాటి మేలంటే ఒక పూట ఏడవకుండా అన్నం తినడం, నాకది తక్కువ అనిపించదు.

అన్నయ్య మాట విని డాక్టర్ దగ్గరికి వెళ్ళడం మాత్రం మానకండి. బీ12 తగ్గినా, థైరాయిడ్ ఉన్నా, భర్త పోయిన దిగులు డిప్రెషన్‌గా మారినా మతిమరుపులాగే ఉంటుంది, వాటికి మందులున్నాయి. చెవులు కూడా చూపించండి, సరిగ్గా వినపడకపోతే మనిషి మెల్లగా మాటల్లోంచి తప్పుకుంటుంది. 1992లో కేరళలో మొదలైన అల్జీమర్స్ అండ్ రిలేటెడ్ డిజార్డర్స్ సొసైటీకి హైదరాబాద్‌లో శాఖ ఉంది, వృద్ధుల హెల్ప్‌లైన్ 14567, మీకోసమైతే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416.

హోమ్ సంగతి ఇప్పుడే తేల్చకండి, అదేం పాపం కాదు, కానీ ముందు అన్నయ్యని నెలకి పది రోజులు పంచుకోమనండి, డబ్బు పంపిస్తే సరిపోదని మొహమాటం లేకుండా చెప్పండి.

ఈ ఆదివారం మేనత్తకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టండి. ఏం గుర్తుందో అడగొద్దని ముందే చెప్పి ఉంచండి, ఊరికే వదినా అని పిలిచి తన కబుర్లు తను చెప్పమనండి.