టెక్ సందేహాలు: డిస్‌ప్లేలో 37.5 ఉన్నా పిల్లలు ఎందుకు రాలేదు?

ప్రశ్న: ఆన్‌లైన్‌లో కొన్న ఇంక్యుబేటర్‌లో కోడిగుడ్లు, బాతుగుడ్లు ఒకే రోజు పెట్టాను. డిస్‌ప్లేలో ఎప్పుడు చూసినా 37.5 డిగ్రీలే. 21 రోజులకు కోడిపిల్లలు రెండే వచ్చాయి, బాతుగుడ్లు అలాగే ఉన్నాయి. వైఫై ఉన్న ఖరీదైన మోడల్‌కు మారాలా?
– ఒక పాఠకుడు, ఎల్బీ నగర్

జవాబు: ముందుగా ఒక విన్నపం: బాతుగుడ్లను పారేయకండి. కోడిపిల్లకు 21 రోజులు చాలు, బాతుపిల్లకు 28 పడుతుంది. మస్కోవీ రకమైతే 35. చీకటి గదిలో ఫోన్ టార్చి మీద గుడ్డు పెద్ద కొనను ఆనించి చూడండి. ఎర్రటి నరాలు కనిపించినా, లోపలి నీడ కదిలినా పిల్ల బతికే ఉంది.

కొత్త మోడల్ అక్కర్లేదు. ఫ్యాన్ ఉన్న ఇంక్యుబేటర్‌కు 37.5 సరైన అంకే, కానీ అది సెన్సర్ వేలాడే చోటి వేడి మాత్రమే. గుడ్ల దగ్గర ఒక డిగ్రీ తేడా ఉన్నా పిల్లల ప్రాణం మీదికి వస్తుంది. చల్లదనాన్ని కొంతసేపు ఓర్చుకుంటాయి గానీ, అధిక వేడిని తట్టుకోలేవు. వైరు చివర సెన్సర్ ఉండే వేరే థర్మామీటర్‌నూ, మందుల దుకాణంలో దొరికే డిజిటల్ జ్వరం థర్మామీటర్‌నూ గోరువెచ్చని నీళ్ల గ్లాసులో పక్కపక్కన ముంచి తేడా రాసుకోండి. ఆ తర్వాత వైరు కొనను గుడ్ల ఎత్తులో, ట్రే మధ్యలో, నాలుగు మూలల్లో పెట్టి చూడండి. రాసుకున్న తేడాను లెక్కలోకి తీసుకున్నాక కూడా డిస్‌ప్లేతో తేడా వస్తే, వేడిని అదుపు చేసే థర్మోస్టాట్‌లో సరిదిద్దవచ్చు; డబ్ల్యూ1209 అనే థర్మోస్టాట్ బోర్డులో ఆ సెట్టింగు పి4.

తేమ మీటర్‌నూ పరీక్షించాలి. సీసా మూతలో ఉప్పు పోసి తడి ఇసుకలా అయ్యేంత నీరు కలిపి, మీటర్‌తో పాటు గట్టిగా మూసిన కవర్‌లో రాత్రంతా ఉంచండి. 75 శాతం చూపాలి.

రెండు రకాలూ కలిపి పొదిగించాలంటే బాతుగుడ్లు ముందు పెట్టి, ఏడు రోజుల తర్వాత కోడిగుడ్లు చేర్చండి. బాతుకు 25వ రోజు, కోడికి 18వ రోజు ఒకేసారి వస్తాయి. ఆ రోజు గుడ్లు తిప్పడం ఆపి, తేమను 65–70 శాతానికి పెంచి, మూత తెరవకుండా ఉండాలి. మీరు ఒకే రోజు పెట్టడంతో కోడిగుడ్ల కోసం తిప్పడం ఆపి ఉంటే, బాతుగుడ్లకు ఇంకా కొన్ని రోజులు తిప్పడం అవసరం. వెంటనే మళ్లీ మొదలుపెట్టండి.

ప్రశ్న: సూపర్‌మార్కెట్ గుడ్లు పొదుగుతాయా?
– మియాపూర్

జవాబు: పొదగవు. ఆ ఫారాల్లో పుంజులు ఉండవు. పుంజు కలిసిన పెట్టల గుడ్లే కావాలి. వనరాజా, గ్రామప్రియ అనే పెరటి కోళ్ల రకాలను రూపొందించిన కోళ్ల పరిశోధన సంస్థ మన రాజేంద్రనగర్‌లోనే ఉంది, విచారించండి.

ప్రశ్న: ఇంక్యుబేటర్ కోసం, కరెంటు పోతే ఫోన్‌కు హెచ్చరిక పంపే సెన్సర్ కొన్నాను. మొన్న రెండు గంటలు కరెంటు పోయినా సందేశం రాలేదు.
– ఉప్పల్

జవాబు: సెన్సర్‌కు బ్యాటరీ ఉన్నా రౌటర్‌కు లేదు కదా! ముందు రౌటర్‌ను ఇన్వర్టర్‌కు కలపండి. కరెంటు పోయినప్పుడు మూత తీయకుండా దుప్పటి కప్పండి, గాలి రంధ్రాలు మాత్రం మూయకండి. సెన్సర్‌లో వేడికి గరిష్ఠ పరిమితి 38.5 డిగ్రీలు పెట్టండి. ఇంక్యుబేటర్ వేడి చేయగలదు గానీ చల్లబరచలేదు. మే నెలలో పై అంతస్తు గది స్లాబు వేడికి 40 దాటితే థర్మోస్టాట్ ఏమీ చేయలేదు. కింది అంతస్తులో, కిటికీ ఎండ పడని గదికి మార్చండి.