భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువులకు మేత పంపే వ్యాన్ల దారి ఎలా తేల్చాలి?

15 చెరువులకే తిరిగే వరుసలు 1.3 లక్షల కోట్లు దాటతాయి. వ్యాన్లు పెరిగి, లోడు పరిమితి కూడా ఉంటే అన్నీ చూడటం కుదరదు. అందుకే హ్యూరిస్టిక్ పద్ధతులు. కచ్చితంగా ఇదే ఉత్తమమని గ్యారంటీ ఇవ్వవు గానీ, పనికొచ్చే జవాబు త్వరగా ఇస్తాయి.

నేనైతే 1964లో క్లార్క్, రైట్ చెప్పిన సేవింగ్స్ పద్ధతితో మొదలుపెడతాను. ముందు ప్రతి చెరువుకూ విడిగా వెళ్లొస్తున్నట్టు అనుకోండి. ఏ రెండింటిని ఒకే ట్రిప్పులో కలిపితే ఎక్కువ కిలోమీటర్లు మిగులుతాయో వాటినే ముందు కలపండి. బండి నిండేదాకా అలాగే. తర్వాత టూ-ఆప్ట్‌తో, అంటే దారిలో రెండు లింకులు తెంపి, మధ్య భాగాన్ని తిప్పి కలిపి, దూరం తగ్గితేనే ఉంచుకునే పద్ధతితో, సవరించుకోవచ్చు.

అసలు తంటా దూరాలతోనే. మ్యాపులో గీత గీసి కొలవొద్దు. కాలవ అవతల కనిపిస్తున్న చెరువుకైనా వంతెన చుట్టి వెళ్లాలి కదా! రోడ్డు దూరాలే ఇవ్వండి, లోడు బండి పోలేని గట్టు దారులు తీసేయండి.